సిరొంచ సీమ: దాని చెరువులు, కుంటలు, మడుగులు

మహారాష్ట్ర పటాన్ని గోడకు తగిలించి చూచినట్లయితే, ఆగ్నేయపు మూలన కిందికి సాగిన ఒక కొస కనబడుతుంది. అదే గడచిరోలి జిల్లాలోని సిరొంచ తాలూకా. మనవారు సిరివంచ అని కూడా అంటారు. పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. ఇట్లు మూడు నదులు మూడు వైపుల కాపున్న సీమ ఇది. ఏటికి ఆవలి ఒడ్డున కాళేశ్వర ముక్తీశ్వరుని ఆలయం, తెలంగాణ దేశం. ఇంద్రావతి దాటితే బస్తరు అడవులు. ఇంట తెలుగు, కచేరీలో మరాఠీ, అడవి పల్లెల్లో గోండి, మాడియా. మూడు నదులవలెనే మూడు నాలుగు భాషలు ఇక్కడ కలిసి పారుతున్నవి.

ఈ వ్యాసంలో ప్రాణహిత పుష్కరాలను గురించిగాని, ఆలపల్లి టేకును గురించిగాని వ్రాయడం మా ఉద్దేశం కాదు. వాటిని గురించి వ్రాయగల పెద్దలు వేరే ఉన్నారు. ఈ సీమలో నీళ్లు నిలిచే నేలలను గురించి, అంటే చెరువులు, కుంటలు, నదిలోని మడుగులు, జాలు పట్టిన పల్లపు భూములు, వీటిని గురించి మాత్రమే నాలుగు మాటలు మనవి చేస్తాము. ఇప్పటివారు వీటన్నిటికీ కలిపి ‘చిత్తడి నేలలు’ అని పేరు పెట్టినారు. 1971 ఫిబ్రవరి 2వ తేదీన ఇరాను దేశంలోని రామ్‌సర్ పట్టణంలో వివిధ దేశాల ప్రతినిధులు సమావేశమై వీటి రక్షణ కొరకు ఒక ఒడంబడిక చేసుకొన్నారు. 1982లో మన దేశం కూడా అందులో చేరినది. ఆ ఒడంబడిక ప్రకారం నీరు సహజంగా నిలిచినా, మనిషి కట్టి నిలిపినా, ఏడాది పొడుగునా ఉన్నా, కొన్ని నెలలే ఉన్నా, అది చిత్తడి నేలయే. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవలెనని కోరుతున్నాము. ముందు దీనితో మనకు పని పడుతుంది.

సిరొంచ సీమకు నీటితో సంబంధం నిన్న మొన్నటిది కాదు. ఈ తాలూకాలో కోట అనే చిన్న గ్రామమున్నది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి రాతి పొరలకు ‘కోటా ఫార్మేషన్’ అని ఆ ఊరి పేరే పెట్టినారు. ఆ సున్నపురాతిలో చేపల శిలాజాలు దొరికినవి. అంటే, కోట్ల ఏండ్ల క్రిందట ఇక్కడ పెద్ద మంచినీటి సరస్సు లుండినవన్నమాట. ఈ తాలూకాలోని పోచంపల్లి దగ్గరనే 1958-61 సంవత్సరాల మధ్య కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వారు ఒక మహాకాయ జంతువు ఎముకలను త్రవ్వి తీసినారు. విశ్వకవి శతజయంతి రోజులు గనుక దానికి ‘బారపాసారస్ టాగోరై’ అని పేరు పెట్టి 1975లో లోకానికి తెలియజేసినారు. దాని అస్థిపంజరం కలకత్తాలో నిలబడి ఉన్నది. చెరువు గట్టున మేసిన పశువులలో అంతకంటె పాతది మన వైపున మరొకటి ఉండబోదు!

ఇక మనుష్యుల చరిత్రకు వత్తాము. చాందా రాజ్యమేలిన గోండు రాజులకు నీటి విలువ బాగా తెలుసు. మనలో చాలామంది బండి ఎక్కి దిగే బల్లార్షా స్టేషను పేరు ఆ వంశంవారిదే. ఖాండక్యా బల్లాల్ షా అనే రాజుకు ఒంటినిండా కురుపులు లేచి ఏ మందుకూ మానలేదట. ఒకనాడు వేటకు పోయి దాహంతో అల్లాడి, ఎండిన ఝర్పట్ ఏటి ఇసుకలో ఒక చిన్న గుంట చూచి, ఆ నీటితో ముఖం కడుగుకొని దప్పి తీర్చుకొన్నాడట. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టి, తెల్లవారేసరికి కురుపులు మాయమైనవట. ఆ ఊట దగ్గర అచలేశ్వరుని గుడి వెలసినది, ఆ గుడి దగ్గర చాందా నగరం వెలసినది. ఇది ఐతిహ్యమే కావచ్చు. కాని ఒక రాజధాని పుట్టుకకు ఎండిన ఏటిలోని నీటిగుంట కారణమని చెప్పుకొనే ప్రజలు ఎటువంటి ప్రజలో ఈ కథవల్ల తెలుస్తున్నది.

ఆ వంశంలోనే హీర్ షా అనే రాజు, అడవి కొట్టి సాగు చేసినవానికి ఆ భూమిమీద హక్కు ఇచ్చినాడనీ, చెరువు కట్టించినవానికి ఆ చెరువు నీరు పారినంత మేర భూమి ఇచ్చినాడనీ చెబుతారు. రాజు బొక్కసంనుండి పైకం తీయకుండానే దేశమంతా చెరువులు లేచిన ఉపాయమిది. చెరువు తెగితే భూమి ఎండుతుంది. భూమి ఎండితే హక్కు వట్టిపోతుంది. కనుక కట్ట కాపాడుకోవడం ఎవరికివారికే అవసరమైనది. ఉత్తరాన భండారా, గోందియా ప్రాంతాల్లో కోహళీలు అనే కులస్థులు ఈ పనిలో ఆరితేరినవారు. నవేగాఁవ్‌లోని పెద్ద చెరువును పద్దెనిమిదవ శతాబ్దపు మొదటి రోజుల్లో కోలూ పటేల్ కోహళీ కట్టించినాడు. తూర్పు విదర్భలో ఇటువంటి చెరువులు చిన్నా పెద్దా కలిపి ఆరువేలకు పైగా కలవు. వీటిని మరాఠీలో మాజీ మాల్‌గుజారీ తలావులు అంటారు. మన సిరొంచవైపు వాటిని చెరువు, కుంట అనే మాటలతోనే పిలుస్తారు. రేగుంట అనే ఊరిపేరులోనే గుంట అనే మాట వినబడుతున్నది గదా!

పాతకాలపు చెరువు కేవలం నీటి తొట్టి కాదు. దాని అడుగు పళ్లెంవలె వాలుగా ఉంటుంది, గిన్నెవలె నిలువుగా ఉండదు. ఒడ్డున తడి గడ్డి, అక్కడ పశువుల మేత. మోకాలిలోతున జమ్ము, తుంగ. అక్కడ నీటికోళ్ల గూళ్లు. ఇంకా లోపల కలువ, తామర. నడిమి లోతున నాచు, దానిలో చేప గ్రుడ్లు. వేసవిలో నీరు వెనుకకు పోయినకొద్దీ బయటపడ్డ శిఖం భూమిలో పెసలో, కూరగాయలో పండించుకొనేవారు. మత్తడి దూకిన నీరు వట్టినే పోదు; కింది కుంటకు, ఆ కుంటనుండి వాగుకు, వాగునుండి ప్రాణహితకు చేరుతుంది. రైతుకు నీరు, బెస్తకు చేప, గొల్లకు మేత, కుమ్మరికి మట్టి, చాకలికి రేవు. ఇందరి హక్కులు ఒకే నీటిమీద ఉన్నందున ఏ ఒక్కరూ దానిని పాడుచేయ సాహసించేవారు కారు.

తర్వాత ఇంగ్లీషువారు వచ్చినారు. 1860లో నిజాముతో జరిగిన ఒడంబడికవల్ల గోదావరి ఎడమగట్టు తాలూకాలు వారి చేతికి చిక్కినవి. అపుడు సిరొంచ ముఖ్యస్థానంగా ‘అప్పర్ గోదావరి’ అనే జిల్లా ఏర్పడినది. నేడు బస్సుకోసం కాచుకొని ఉండే ఈ చిన్న ఊరు ఆనాడు జిల్లా కచేరీ ఊరు! కారణమేమనగా, వారి కన్ను నదిమీద పడినది. బేరారు పత్తిని పడవలమీద వేసి, ప్రాణహిత, గోదావరుల వెంబడి సముద్రానికి చేర్చవలెనని సర్ ఆర్థర్ కాటన్ దొరగారి సంకల్పం. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి దగ్గరి రాతి మెట్టలు పడవలకు అడ్డు. వాటిని దాటించడానికి కాప్టెన్ హేగ్ ఆధ్వర్యంలో ఆనకట్టలు, లాకులు మొదలు పెట్టినారు. జ్వరాలతో కూలీలు పడిపోయినారు, ఖర్చు పెరిగినది. ఇంతలో పత్తిని మోయడానికి రైలుబండి వచ్చినది. 1871లో ఆ పని ఆగిపోయినది. 1874లో ఆ జిల్లా కూడా రద్దయి, భద్రాచలం, రేకపల్లి మద్రాసు రాజధానికి పోగా, సిరొంచ చాందా జిల్లాలో ఒక తహశీలుగా మిగిలినది.

ఇందులో మనము గమనించవలసిన దొకటున్నది. నది అంటే దొరలకు ఒక బాట. బాటకు పనికివచ్చినంతకాలం సిరొంచ జిల్లా కేంద్రం, పనికిరాకపోతే తహశీలు. ఆ ఒడ్డున ఉన్న మడుగులు, లంకలు, కుంటలు ఏ లెక్కలోనూ చేరలేదు. ఈ చూపు దొరలతోనే పోయిందా అంటే, లేదని విచారంతో చెప్పవలసి ఉన్నది.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత, అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం చేసిన చట్టంవల్ల 1951లో మాల్‌గుజారీ, జమీందారీ హక్కులు రద్దైనవి. ఇది న్యాయమైన పనే. దీనిని మేము ఆక్షేపించడం లేదు. కాని భూమి దున్నేవానికి చేరగా, చెరువు సర్కారుకు చేరినది. అదివరకు కట్టకు మట్టి వేయించడం మాల్‌గుజారు పూచీ, నీరు పారించుకోవడం రైతు హక్కు. ఈ హక్కులు నిస్తార్ పత్రకాల్లో వ్రాసి ఉండేవి. ఆ తర్వాత కట్ట ఒక శాఖది, చేపల కౌలు మరొక శాఖది, శిఖం రెవెన్యూవారిది అయినవి. అందరిదీ అయినది ఎవరిదీ కానట్లు అయినది. సిరొంచ సంగతి మరీ చిత్రం. ఈ తాలూకా 1956లో బొంబాయి రాష్ట్రానికీ, 1960లో మహారాష్ట్రానికీ వచ్చినది. 1982 ఆగస్టు 26న చాందానుండి విడివడి గడచిరోలి జిల్లాలో చేరినది. ఊరు కదలలేదు, చెరువు కదలలేదు. కచేరీ మాత్రం కదులుతూ వచ్చినది.

నదిమీద చూపు మరల పడినది. 2016 ఆగస్టు 23న తెలంగాణ, మహారాష్ట్ర ప్రభుత్వాలు ఒప్పందం చేసుకొన్నవి. దాని ప్రకారం కాళేశ్వరానికి దిగువన మేడిగడ్డ వద్ద 85 గేట్లతో, 16.17 టీఎంసీల నీరు పట్టే బ్యారేజి లేచి, 2019 జూన్ 21న ప్రారంభమైనది. ఆవలి పొలాలకు నీళ్లు కావలసినమాట నిజమే, అక్కడివారూ మనవారే. కాని ఈవలి ఒడ్డున సిరొంచ రైతుల భూములు వెనుక నీటిలోను, వరదలలోను నానినవి. ముఖ్యంగా 2022 వరదల తర్వాత వారు పరిహారం కొరకు ఆందోళన చేయవలసి వచ్చినది. 2023 అక్టోబరు 21న ఆ బ్యారేజి పియర్లు కొన్ని కుంగినవి. నిలువ చేసిన నీటిని కిందికి వదలివేసినారు. ఆనకట్ట ఎత్తు, గేట్ల లెక్క, టీఎంసీల లెక్క అందరికీ తెలుసు. ఆ ఒడ్డున ఎన్ని మడుగులున్నవి, ఎన్ని కుంటలున్నవి, వాటిమీద ఎన్ని కుటుంబాలు బ్రతుకుతున్నవి అంటే చెప్పే రిజిస్టరు ఎక్కడిది?

అసలు విషయానికి ఇప్పుడు వచ్చినాము. మేము రైల్వే గుమాస్తాలము. మా వృత్తిలో ఒక సూత్రమున్నది. బుక్ చేసి, రశీదు పుచ్చుకొన్న పార్శెలు పోతే దావా వేయవచ్చును. బుక్ కాని మూట పోతే అడిగే దిక్కు లేదు. మూట ఎంత విలువైనదైనా సరే. చిత్తడి నేలల సంగతి కూడా అంతే. ముందు గుర్తింపు, తర్వాతనే రక్షణ.

మన దేశంలో ఆ గుర్తింపు ఎట్లున్నదో చూడండి. 2010లో కేంద్రప్రభుత్వం చిత్తడి నేలల నియమాలు చేసినది. వాటి స్థానే 2017లో క్రొత్త నియమాలు తెచ్చినది. ఈ క్రొత్త నియమాల్లో చిత్తడి నేల అంటే ఏమిటో చెప్పి, వెంటనే ఏవి కావో కూడా చెప్పినారు. నదీ ప్రవాహ మార్గాలు కావు. వరిమళ్లు కావు. త్రాగునీటి కొరకు, సేద్యం కొరకు, చేపల పెంపకం కొరకు ప్రత్యేకంగా మనుష్యులు కట్టినవి కావు. రామ్‌సర్ ఒడంబడిక మనిషి కట్టినదానిని కూడా కలుపుకొన్నదని పైన చెప్పినాము గదా! ఇంటి నియమం దానిని తీసివేసినది. ఇస్రో సంస్థవారు ఉపగ్రహం నుండి తీసిన పటాల్లో చెరువులు కూడా ఉన్నవి. వాటిలో 2.25 హెక్టార్లకు, అంటే సుమారు ఐదున్నర ఎకరాలకు, మించిన 2,01,503 చిత్తడి నేలలను కాపాడవలెనని సుప్రీంకోర్టు 2017లో ఆజ్ఞాపించినది. తర్వాతి పటంలో ఆ సంఖ్య 2,31,195కు పెరిగినది. వాటిని నేలమీద కొలిచి హద్దులు గుర్తించవలెనని 2024 డిసెంబరులో అదే న్యాయస్థానం రాష్ట్రాలకు గడువు పెట్టినది.

సిరొంచను ఈ జల్లెడలో పోసి చూడండి. ప్రాణహిత మడుగు నదిలోనిది, కనుక నియమాల లెక్కలో రాదు. ఊరి చెరువు సేద్యానికి కట్టినది, కనుక రాదు. ఐదెకరాల కుంట ఉపగ్రహపు లెక్కకు చిన్నది, కనుక రాదు. మూడు ద్వారాలనుండి మూడూ బయటకు పోయినవి. ఇక మిగిలినదేమిటి? న్యాయస్థానం ఆజ్ఞ ప్రకారం కొలతకు వచ్చే పెద్ద చెరువులు కొన్ని మాత్రమే. ఆ కొలతనాడు ఊరివారు పోయి, ‘అయ్యా, వర్షాకాలంలో నీరు ఇంతవరకు వస్తుంది’ అని చూపకపోతే, వేసవిలో కనబడే నీటి అంచే హద్దు అవుతుంది. శిఖం అంతా పోతుంది.

అయితే, కాగితంమీద గుర్తింపు వస్తే చాలునా? చాలదు. దానికి మన కొల్లేరే సాక్ష్యం. 1999లో ఐదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చినారు. 2006లో చేపల చెరువుల గట్లు పగులగొట్టినారు. కొన్నాళ్లకు మరల గట్లు లేచినవి. నీటిమీద బ్రతికేవారిని కలుపుకోకుండా గీత మాత్రం గీస్తే, ఆ గీత నీటిమీది గీతయే.

మరమ్మతు విషయంలోను ఇట్టి పొరపాటే కలదు. తెలంగాణలో 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పథకం 46,531 చెరువులను లక్ష్యంగా పెట్టుకొన్నది. పూడిక మట్టిని పొలాలకు తోలడం పాత పద్ధతియే, మంచిదే. కాని ఎక్కడైనా సరే, యంత్రం పెట్టి చెరువు అడుగంతా ఒక్క లోతున గీకివేస్తే పళ్లెం గిన్నె అవుతుంది. ఒడ్డు గడ్డి పోతుంది, నాచు పోతుంది, గ్రుడ్లు పెట్టే చోటు లేక నాటు చేప పోతుంది. భండారా, గోందియా జిల్లాల్లో ధీవరులు, అనగా మన బెస్తలవంటివారు, వేరొక దారి చూపినారు. చెరువును ఆక్రమించిన లొట్టపీసు మొక్కను వేళ్లతో పెరికివేసి, ఏ లోతున ఏ మొక్క ఉండవలెనో పెద్దలను అడిగి తెలుసుకొని, వాటిని తెచ్చి మరల నాటినారు. మొక్క వచ్చిన తర్వాత చేప వచ్చినది, చేప తర్వాత పక్షి వచ్చినది. మహారాష్ట్రలో సారస పక్షులు నేటికీ ప్రధానంగా గోందియా పరిసరాల చెరువుల్లోను, వరిమళ్లలోను మిగిలి ఉండడం యాదృచ్ఛికం కాదు.

ఇక సిరొంచవారికి దారి లేదా? ఉన్నది. అదీ సొంత జిల్లాలోనే ఉన్నది. 2006 అటవీహక్కుల చట్టం, అడవిని ఆశ్రయించిన గ్రామాలకు నీటివనరుల్లోని చేపలు మొదలైన వాటిపై సామూహిక హక్కు ఇచ్చినది. నీటి వనరులను, వాటికి నీరు వచ్చే మేరను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చినది. అక్కడ ‘మనిషి కట్టినదా, సహజమా’ అనే ప్రశ్న లేదు. ఇదే గడచిరోలి జిల్లా ధానోరా తాలూకాలోని మెంఢా (లేఖా) అనే చిన్న గోండు గ్రామం 2009లో దేశంలోనే అందరికన్న ముందు ఆ సామూహిక హక్కును సాధించినది. అందరూ ఒక్కమాటమీదికి వచ్చేదాకా కూర్చుండి మాట్లాడుకోవడం ఆ ఊరి పద్ధతి. వారు చేసినది అంకీస, అసరల్లి, రేగుంటవారు చేయలేనిదా?

మొదట కావలసినది పెద్ద పైకం కాదు, ఒక పుస్తకం. ఊరి పెద్దలను వెంటబెట్టుకొని చెరువు చుట్టూ తిరిగి, వానకాలపు నీరు ఎంతవరకు వచ్చును, ఎన్ని నెలలు నిలుచును, మత్తడి ఎటు దూకును, ఏ వాగునుండి నీరు చేరును, ఏ చేప, ఏ పిట్ట, ఏ గడ్డి కలదు, ఎవరికి ఏ హక్కు కలదు, ఇదంతా వ్రాయవలెను. పాత నక్షాలు, నిస్తార్ పత్రకాలు తీయించి పక్కన పెట్టవలెను. గ్రామసభలో చదివి, సంతకాలు చేయించి, ఒక ప్రతి తహశీలు కచేరీలో ఇచ్చి రశీదు పుచ్చుకోవలెను.

ఇక్కడనే మన తెలుగు సంఘాలకు పని ఉన్నది. ఆ కుంటల పేర్లు, మడుగుల పేర్లు తెలుగువి, గోండివి. వాటిని చెప్పగల ముసలివారు తెలుగులో చెబుతారు. అర్జీ మరాఠీలో వ్రాయవలెను. రెండు భాషలూ వచ్చినవారు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. పండుగ సెలవులకు సిరొంచ పోయే యువకులు ఒక్కొక్క ఊరి నీళ్ల పేర్లు వ్రాసి తెచ్చినా, పై ఏటి సంచికకు అంతకన్న మంచి వ్యాసం ఉండదు. పేరు పోయిన కుంటను పూడ్చడం తేలిక. పేరున్న కుంటను పూడ్చబోతే అడిగేవాడు ఒక్కడైనా ఉంటాడు.

వేపపూత వేళకు చెరువుల్లో నీరు వెనుకకు పోయి, అడుగు బయటపడుతుంది. కట్ట చూచుకోవడానికి, తూము బాగుచేసుకోవడానికి పెద్దలు ఏర్పరచుకొన్న కాలమది. క్రొత్త సంవత్సరం ఆ పనితోనే మొదలుకావలెనని ఆశిస్తూ, సోదర సోదరీమణులందరికీ ఉగాది శుభాకాంక్షలు తెలుపుకొంటున్నాము.